నా దవడ గడ్డ, మా వాళ్ళ మొక్కులు

కింది దవడలో ఎడమ పక్క చిన్న గడ్డ తేలింది. నొప్పి లేదు, జ్వరం లేదు. పామాయిల్ గెలలు కోయించే హడావుడిలో దాన్ని నేను పట్టించుకోలేదు. మా ఇంట్లో వాళ్ళు పట్టించుకున్నారు. గడ్డ అనగానే మా పెనుబల్లిలో ఎవరికైనా గుర్తొచ్చేది ఒకటే రోగం. ఆ పేరు ఎవరూ పైకి అనరు. అనకుండానే నన్ను సగం చంపారు.

ఖమ్మంలో పళ్ళ డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి తెర మీద చూపించింది. గడ్డ లోపల బియ్యపు గింజలంత పళ్ళు, గుంపుగా ఉన్నాయి.

"పన్ను తయారయ్యే కణాల్లోనే పుట్టిన గడ్డండి. మామూలుగా ఇది క్యాన్సర్ కాదు. తీసేసి పరీక్షకు పంపుదాం."

నా చెవికెక్కింది 'మామూలుగా' అన్న మాటొక్కటే. అంటే నాది మామూలుది కాకపోతే?

గడ్డ తీసేశారు. రిపోర్టు వచ్చేదాకా జావ తాగుతూ ఇంట్లో కూర్చున్నాను. నా భార్య జావ కాచి ఇచ్చేది, మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయేది. మాట్లాడే భారమంతా మా అమ్మే మోసింది.

"నోట్లో గిన్ని పండ్లు దాచుకున్నవ్, ఎవర్ని కరుద్దామని రా?"

రిపోర్టు వచ్చింది. భయపడాల్సిందేమీ లేదన్నారు. ఆ సాయంత్రమే మొక్కులన్నీ బయటపడ్డాయి. అమ్మ భద్రాద్రి రాముడికి నా తలనీలాలు మొక్కింది. అక్క నా మీసం మొక్కింది. మేనత్తయితే నన్ను భద్రాచలం నుంచి పర్ణశాల దాకా నడిపిస్తానని మొక్కింది. మా ఇంట్లో అంతే, మొక్కు ఒకరిది, ఒళ్ళు ఇంకొకరిది.

"నా మీసం నన్నడగకుండ ఎట్ల మొక్కినవక్కా?"

"అడిగితే ఇస్తవా ఏంది? అందుకే సక్కగ దేవునికే చెప్పిన."

భద్రాచలం కల్యాణకట్టలో గొణుక్కుంటూనే తల వంచాను. కత్తి నడుస్తుంటే పక్కన ఎవరో ఆడమనిషి కూర్చుని జడ విప్పుకుంటోంది. వాళ్ళింట్లోనూ ఎవరో మొక్కి ఉంటారు పాపం, అనుకున్నాను. ఓరగా చూస్తే నా భార్య.

"నీ జుట్టు ఎవరు మొక్కిన్రు?"

"నేనే మొక్కిన. ఎవరికీ చెప్పలే."

అని, నీళ్ళు చల్లించుకోవడానికి తల వంచింది. నాకు ఏడుపు ఆగలేదు. మంగలాయన కంగారుగా కత్తి పక్కకు తీసి అడిగాడు.

"ఏంది సారూ, గాటు పడ్డదా?"