ఇంజెక్టర్‌లో నూలుపోగు

మా మేనత్త పోయిన గురువారం మంగళగిరిలో కన్నుమూసింది. నిద్రలోనే పోయిందని నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చల్లపల్లి దాకా ఉన్న ఊళ్లలో ఆమె దగ్గర చీరలు కొన్నవాళ్లు చాలామంది. వాళ్లలో ఎవరైనా ఇది చదువుతుంటే, ఆమె ఇక రాదని చెప్పే పని నా మీద పడింది.

చీరలు గుర్తున్నవాళ్లకు ఆ కారు కూడా గుర్తుండే ఉంటుంది. మామయ్య వదిలి వెళ్లిన పాత తెల్ల పెట్రోలు కారు. వెనక సీటు నిండా మూటలే. మోకాళ్లు అరిగాక మూటలు మోస్తూ బస్సులెక్కడం ఆమె వల్ల కాలేదు. కారు ఆగితే ఆమె తిరుగుడు ఆగినట్టే, ఆమెను నమ్ముకున్న మగ్గాలూ ఆగినట్టే. అయినా నాన్న కనిపించినప్పుడల్లా "దాన్ని తుక్కుకిచ్చెయ్యక్కా" అనేవాడు. "నన్ను కూడా అదే కాటాలో వేసెయ్యరా, నీకు తేలికవుద్ది" అనేది.

ఆటోనగర్‌లో ఆమె మెకానిక్ ఒకాయన ఉన్నాడు. అందరూ మేస్త్రీ అంటారు. ఆయన షెడ్డుకు అత్తయ్య ఉత్త చేతులతో వెళ్లేది కాదు. మగ్గాల దగ్గర తెగిన నూలు కొసలన్నీ సంచికెత్తి తీసుకెళ్లేది. జిడ్డు తుడుచుకోవడానికి షెడ్డంతా ఆ నూలే. నల్లటి చేతుల్లో గులాబీ రంగు, చిలకాకుపచ్చ పోగులు చూస్తే నాకు భలే ముచ్చటగా ఉండేది.

పోయినేడాది కారు కాగితాలు మళ్లీ చేయించాల్సి వచ్చింది. అందుకని ఇంజెక్టర్లన్నీ, అంటే ఇంజన్‌లోకి పెట్రోలును తుంపరగా చిమ్మేవి, విప్పించి కడిగించాం. అయినా పొగ పరీక్షలో తప్పింది. పైగా నిలబెట్టిన చోటే కారు వణుకుతోంది. బయట కాచుకున్న ఏజెంటు ఒకడు దగ్గరికొచ్చాడు.

"మీరు ఇంటికెళ్లిపోండమ్మా. పాసైన కాగితం నేను పంపిస్తా."

కాలుష్యం మీద నేను చదివినవన్నీ కరపత్రాలూ చిన్న పుస్తకాలే గాని, అవి నా నరాల్లో పాకుతుంటాయి. వాడి చొక్కా పట్టుకున్నాను. గాలి ఎవడబ్బ సొమ్మని అడిగాను. ఇబ్రహీంపట్నం కరెంటు కేంద్రం పొగగొట్టాల దగ్గర మొదలుపెట్టి వాడి దాకా అందరినీ కడిగేశాను. అత్తయ్య నా చెయ్యి విడిపించి, "కాగితం పాసై కారు ఫెయిలైతే ఏం చేసుకోను బాబూ, వద్దులే" అంది. నాతో మాత్రం, "నువ్వన్నదంతా నిజమేరా. కానీ పోట్లాడితే పొగ తగ్గదు. ఎక్కు" అంది.

"మళ్లీ తప్పితే?"

"మీ నాన్న గెలిచినట్టే. మూటలు నీ నెత్తినెట్టి పంపిస్తా."

మేస్త్రీ నాలుగు ఇంజెక్టర్లనూ గాజు గొట్టాల మీద బిగించి చూపించాడు. మూడు బాగానే చిమ్ముతున్నాయి. ఒకటి ముక్కు కారినట్టు కారుతోంది. "మొన్నేగా కడిగాను. దీని పనయిపోయినట్టుందమ్మగారూ" అన్నాడు. అత్తయ్య దాన్ని అడిగి తీసుకుంది. పెట్రోలు లోపలికొచ్చే చోట ఉన్న సన్న జల్లెడలోంచి సూదితో ఏదో లాగి వెలుగుకు పట్టింది. గులాబీ రంగు పోగు.

"ఇది మాదేనండీ. ఎనభై కౌంటు సన్న నూలు."

మొన్న కడిగి మళ్లీ బిగించేముందు అతుకులన్నీ ఆయన ఆ నూలుతోనే తుడిచాడు. నేను ఆయన మీదికి లేవబోతే, "తెచ్చిచ్చింది నేను. అరిచేదేదో నా మీద అరవరా" అని, తర్వాత కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. మేస్త్రీ కూడా నవ్వాడు గాని, నూలు సంచీని చప్పుడు కాకుండా కాలితో బల్లకిందికి నెట్టాడు.

అత్తయ్య అంతటితో ఆగలేదు, నాలుగూ మార్పించేద్దామంది. ఆ పాతవి ఒక్క రంధ్రంతో చిమ్మే రకం. అదే కొలతలో నాలుగు సన్న రంధ్రాలవి వస్తున్నాయని, అవి కాక ఎక్కువ పెట్రోలు పోసే పెద్దవి వేస్తే బండి ఎగిరి దూకుతుందని మేస్త్రీ ఆశపెట్టాడు. "దూకి ఎక్కడ పడాలండీ, కాలవలోనా? సన్నగా చిమ్మేవి వెయ్యండి చాలు" అంది. కొత్తవి గాజు గొట్టాల మీద మంచులా కురిశాయి. నాలుగు గొట్టాల్లోనూ పెట్రోలు ఒకే మట్టానికి వచ్చేదాకా ఆమె అక్కణ్ణించి కదల్లేదు.

నా కోపం ఇప్పటికీ అలాగే ఉంది. తగ్గించుకోమని ఆమె ఎప్పుడూ అనలేదు. దాన్ని ఎక్కడ పెట్టాలో మాత్రం, చెప్పకుండా చూపించింది. అందుకు నేను ఆమెకు రుణపడి ఉన్నాను.

కొత్తవి వేయించిన మర్నాడు పొద్దున్నే మళ్లీ పరీక్షకు వెళ్లాం. బాగా చలిగా ఉంది. ఈసారి కారు నెగ్గింది. ఏజెంటుకు వినబడేలా ఏదో అనబోతుంటే అత్తయ్య నన్ను వెనక్కి పిలిచింది. ఇంజన్ ఇంకా నడుస్తోంది. మోకాళ్లు పట్టుకుని మెల్లగా వంగి, పొగగొట్టం ముందు అరచెయ్యి పెట్టి ఉంచింది. ఆ చెయ్యి తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టి, "చూడు" అంది. ఘాటేమీ లేదు, మసీ లేదు. అరచేతి గీతల్లో సన్నటి నీటి చుక్కలు, ఎండకు వెచ్చగా మెరుస్తున్నాయి.