గీత మధ్యలోనే ఉంది

మా ఆయన గడియారాలు బాగుచేస్తాడు. బస్టాండు వెనక వీధిలో, జిరాక్సు సెంటరుకీ చెప్పుల దుకాణానికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది మా కొట్టు. ఒకరు కూర్చుంటే రెండోవాళ్ళు నిలబడాల్సిందే. మా మామగారు పెట్టిన కొట్టది. అక్కడ కుడికంటికి నల్ల గొట్టంలాంటి భూతద్దం బిగించుకుని, మూతి ఒక పక్కకి తిప్పుకుని పొద్దస్తమానం కూర్చునే మనిషి, దీపాలు పెట్టే వేళకి డాబా ఎక్కి టెలిస్కోపుకి అతుక్కుంటాడు. పగలంతా ఒక గొట్టంలో చూసింది చాలదా, మళ్ళీ ఇంకో గొట్టమెందుకని పెళ్ళైన కొత్తలో అడిగాను. పెళ్ళాం మాట వినపడకుండా ఉండే చోటు ఇంట్లో ఒక్కటైనా ఉండాలి కదా అన్నాడు. అప్పటినుంచీ నేను ఆరేసిన బట్టలు తీసే వంకతో రోజూ ఆ వేళకే డాబా ఎక్కుతున్నాను.

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మా ఇంట్లో రాజు కూడా లేడు కాబట్టి ఈయనకి అడ్డే లేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటే మూడే. అలాంటి మనిషి రెండేళ్ళుగా ఆడవాళ్ళ చేతి గడియారాలు తీసుకోవడం మానేశాడు. అడిగితే, వాటికి సామాన్లు దొరకడం లేదన్నాడు. అలా మానేయడానికి కొంచెం ముందు, ఒక టీచరుగారు బాగుచేయించుకున్న గడియారం వారం తిరక్కుండా వెనక్కి తెచ్చింది, సెకన్ల ముల్లు అద్దానికి రాసుకుంటోందని. గడియారం మంచిది కాదు, నేనేం చేయనని ఆవిడ మీదే ఎగిరాడు. నేను పక్కనే ఉన్నాను. ఆ ముల్లు వంకరగా ఉందని నాకు కనిపిస్తూనే ఉంది.

కళ్ళు చూపించుకోండని అప్పటినుంచీ పోరుతున్నాను. ఆ మాటెత్తితే చాలు, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయేవాడు. కారణం నాకు తెలుసు. మా మామగారికి చూపు తగ్గితే, చివరికి ఆయన ఒక పొద్దున కంటి ఆసుపత్రికి వెళ్ళాడు. సాయంత్రం తిరిగొచ్చి, ఒక్క మాటైనా మాట్లాడకుండా కొట్టు తాళంచెవి కొడుకు చేతిలో పెట్టి మంచమెక్కాడు. ఆ తరవాత బతికినన్నాళ్ళూ గడియారం ముట్టుకోలేదు. ఆసుపత్రి గుమ్మం తొక్కితే కొట్టు మూసినట్టేనని అప్పుడే ఈయన మనసులో నాటుకుపోయింది. ఆ బల్ల దగ్గర కూర్చోలేని రోజు వస్తే ఈయన ఎలా బతుకుతాడో నేనూ ఊహించలేను. నా భయం కూడా అదే. కాకపోతే, చూపించుకోకపోతే ఆ రోజు తొందరగా వస్తుందని నేనంటాను, చూపించుకుంటేనే వస్తుందని ఆయనంటాడు.

చివరికి ఒకరోజు నేను కొట్టుకి భోజనం పంపించడం మానేశాను. దెబ్బకి బేరానికి దిగాడు. ఆకాశంలో కంటికి ఆనని చుక్కల సుడి ఒకటి ఉందట, ఏటా దాన్ని ఫోటో తీస్తాడు. ఈ అమావాస్య లోపల అది తీసి చూపిస్తాననీ, తీస్తే కళ్ళు బాగున్నట్టే కాబట్టి నేను నోరు మూసుకోవాలనీ, తీయలేకపోతే నేను చెప్పిన ఆసుపత్రికి వస్తాననీ అన్నాడు. సరేనన్నాను. ఫోటో రాకపోతే బాగుండునని నాకుంది. తీరా రాకపోతే ఈయన మొహం చూడగలనా అనీ ఉంది.

ఇక్కడ ఆ ఫోటోలు తీసే మిషను సంగతి చెప్పాలి. వెనకటికి ఈయన ఒక్కో చుక్కనీ పట్టుకుని దారి వెతుక్కుంటూ వెళ్ళి, కావలసిన చోట టెలిస్కోపుని ఆపేవాడు. సెల్ టవర్ల పని చేసే మా తమ్ముడికి కూడా ఈ పిచ్చే ఉంది. వాడు కంప్యూటరుతో చేయిస్తాడు. టెలిస్కోపు ఒక ఫోటో తీస్తుంది. అందులో చుక్కలు ఏ వరసలో ఉన్నాయో కంప్యూటరు తన దగ్గరున్న పటాలతో పోల్చి, మనం ఆకాశంలో ఫలానా చోట ఉన్నామని చెబుతుంది. అప్పుడు మోటారు తిరిగి సరైన చోటికి తీసుకెళుతుంది. వీధి ఫోటో చూపిస్తే ఇది ఫలానా సందు అని చెప్పే పోస్టుమాన్ లాంటిదన్నమాట. దాన్ని ప్లేట్ సాల్వింగ్ అంటారట. కళ్ళున్నవాడికి కర్రెందుకురా అని మా తమ్ముణ్ణి ఎన్నేళ్ళు ఏడిపించాడో. అలాంటిది కిందటేడు ఉన్నట్టుండి తానే ఫోన్ చేసి, నాకూ ఆ ఏర్పాటు చేసి పెట్టరా అన్నాడు. వాడు సంబరపడి వచ్చి పాత లాప్‌టాప్‌లో అన్నీ పెట్టి వెళ్ళాడు. బావగారికి బుద్ధొచ్చిందని మేమిద్దరం నవ్వుకున్నాం.

బేరం కుదిరిన సాయంత్రమే డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన స్టూలు వేసి, లాప్‌టాప్ పెట్టుకుని మొదలుపెట్టాడు. ఫోటో తీసింది, కాసేపు ఆలోచించింది, పోల్చలేకపోయానంది. మళ్ళీ తీసినా అదే మాట. తమ్ముడికి ఫోన్ చేస్తే, ఫోటో వస్తోంది కాబట్టి వైర్లలో లోపం లేదు, కంప్యూటరులో తేదీ, టైము చూడండి బావా అన్నాడు. చూస్తే టైము తప్పుంది. గడియారాలాయన ఇంట్లో కంప్యూటరు గడియారమే తప్పు నడుస్తోందని వాడు పగలబడి నవ్వాడు. ఈయన పళ్ళు నూరుకుంటూ సరిచేశాడు. అయినా పోల్చలేకపోయానంది.

మర్నాడు తప్పు దొరికిందని కొట్టునుంచే ఫోన్ చేశాడు. చందమామని పెద్దగా చూడ్డానికి ఆమధ్య ఒక అదనపు అద్దం బిగించాడట. అద్దం తీసేశాడు గాని, దానికోసం కంప్యూటరులో మార్చిన అంకె అలాగే ఉండిపోయింది. దాంతో కంప్యూటరు, ఉన్నదానికన్నా చిన్న ముక్క ఆకాశాన్ని చూస్తున్నాననుకుని తప్పు కొలతతో వెతుకుతోంది. నీ ఆసుపత్రి అక్కడే ఉండనీ అని నన్ను దెప్పి, సాయంత్రం ఈల వేసుకుంటూ డాబా ఎక్కాడు. అంకె మార్చాడు. మిషను మాత్రం మాట మార్చలేదు. ఈల ఆగిపోయింది.

ఆ తరవాత పటాల ఫైళ్ళు పాడయ్యాయేమోనని తమ్ముడు అనుమానపడితే వాటిని తీసేసి మళ్ళీ ఎక్కించాడు. ఎదురింటి వీధిలైటు కాంతి పడుతోందేమోనని టెలిస్కోపుకి నా పాత నల్ల దుప్పటి కప్పాడు. వెలుగు చాలడం లేదేమోనని ఫోటో ఇంకాసేపు తీయించాడు. చాలినన్ని చుక్కలు కనిపించలేదని మిషను ఈసారి కొంచెం వివరంగా చెప్పింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు లాప్‌టాప్‌ని తిట్టాడు, కెమెరాని తిట్టాడు, అది తెచ్చిచ్చిన మా తమ్ముణ్ణీ, వాణ్ణి కన్న మా అమ్మనీ తిట్టాడు. ఈయనకి టీ మోసుకెళ్ళలేక, తిట్లు వినలేక నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఫోన్ చేసినప్పుడల్లా తమ్ముడు ఒకటి మాత్రం మానకుండా అడిగేవాడు, ఫోకస్ సరిగ్గా ఉందా అని. ఈయన మానకుండా ఒకటే చెప్పేవాడు, గీత మధ్యలోనే ఉందని. ఏం గీతంటే, చీలికలు కోసిన అట్టముక్కొకటి టెలిస్కోపు మూతికి పెడితే, ఒక చుక్క తెర మీద అడ్డంగా తగిలిన రెండు కత్తుల్లా కనిపిస్తుంది. వాటితోపాటు మూడో గీత ఒకటి ఉంటుంది. అది సరిగ్గా కత్తుల మధ్యలోంచి వెళితే ఫోకస్ కుదిరినట్టు. పక్కకి జరిగితే చుక్కలన్నీ అలుక్కుపోతాయి. ఒక ఫోటో పంపండి, నేనూ చూస్తానని తమ్ముడంటే, గడియారాలవాడి కంటికి గీత చూపించడానికి నువ్వెవడివిరా అన్నాడు. వాడూ నమ్మాడు. నిజం చెప్పొద్దూ, నేనూ నమ్మాను. టీచరుగారి గడియారం ముల్లు చూసిన నేనే.

అమావాస్య రానే వచ్చింది. చీకటి పడుతూనే డాబా ఎక్కాడు. అన్నీ మొదటినుంచి మళ్ళీ సరిచూసుకున్నాడు. మిషను మళ్ళీ అదే చెప్పింది. ఫోను స్పీకర్లో పెట్టి తమ్ముణ్ణి పిలిచాడు. వాడు ఇంతవరకూ చేసినవన్నీ ఒక్కొక్కటే మళ్ళీ అడిగాడు.

"బావా, ఒక్కసారి అక్కని చూడమనండి," అన్నాడు చివరికి. "మీ మీద నమ్మకం లేక కాదు. ఇంకేం మిగల్లేదు."

దానికేం తెలుసురా అన్నాడు ఈయన. టెలిస్కోపు గురించి తెలియక్కర్లేదు, గీత ఎక్కడుందో చెబితే చాలన్నాడు వాడు. నేను చేతిలో బట్టలు ట్యాంకు మీద పడేసి వచ్చి చూశాను. రెండు కత్తులూ బాగానే ఉన్నాయి. మూడో గీత మధ్యలో లేదు. ఎడమ పక్కన, నా చిటికెనవేలు పట్టేంత దూరంలో ఉంది. పదేళ్ళ పిల్లని అడిగినా చెబుతుంది.

"ఏమండీ, ఇది మధ్యలో లేదు," అన్నాను.

"సరిగ్గా చూడు."

"సరిగ్గానే చూశాను. ఎడమకుంది. ఇదిగో, నా వేలున్న చోట."

వంగాడు. ముక్కు తెరకి తగిలేంత దగ్గరికి వెళ్ళాడు. ఒక కన్ను మూసి చూశాడు, తరవాత రెండోది మూసి చూశాడు. ఫోన్లో తమ్ముడు బావా, బావా అంటున్నాడు. తరవాత మాట్లాడతానురా అని నేనే కట్టేశాను. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఇన్నాళ్ళూ వైర్లలోనూ అంకెల్లోనూ పటాల్లోనూ వెతికాం.

ఆయన స్టూలు మీద కూర్చుని, టెలిస్కోపు పక్కనున్న ఆ ఫోకస్ మర తిప్పు, నెమ్మదిగా, గీత మధ్యలోకి రాగానే ఆపు అన్నాడు. తిప్పాను. ఆపాను. అట్ట తీసేసి మీట నొక్కమన్నాడు. మిషను ఇన్నాళ్ళూ మనం సరిగ్గా అడగనట్టు, ఇట్టే పోల్చేసింది. మోటారు గుర్రుమని తిరిగింది. కాసేపటికి తెర మీద నీళ్ళలో పాలచుక్క పడ్డట్టు ఒక సుడి తేలింది. నేను చూశాను. ఆయన తల ఎత్తలేదు.

"నాకు ఆ గీత మధ్యలోనే కనిపించింది," అన్నాడు. "నువ్వు తిప్పక ముందూ అంతే, తిప్పాకా అంతే. చాలా రోజులుగా నాకన్నీ మధ్యలోనే ఉన్నట్టు కనిపిస్తున్నాయి."

ఎన్నాళ్ళనుంచి అని అడగబోయి ఆగాను. కళ్ళున్నవాడికి కర్రెందుకన్న మనిషి, కిందటేడు తానే ఫోన్ చేసి కర్ర అడిగాడు. దారి చూపే చుక్కలు అప్పటికే ఆనడం లేదు. బుద్ధొచ్చిందని మేం నవ్వుకున్నాం. నాకు చెప్పకుండా ఏడాది పాటు ఒక్కడే మోశాడని కోపం వచ్చింది. మోసినందుకు గుండె తరుక్కుపోయింది.

"రేపు వస్తాను," అన్నాడు. "కానీ తాళంచెవి నా జేబులోనే ఉంటుంది. దాన్ని అడగకూడదు."

నేను అడగలేదు. ఆసుపత్రిలో వరసలో కూర్చున్నంతసేపూ ఆయన జేబు మీదనుంచి చెయ్యి తీయలేదు. రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయి, కుడికన్ను ముందు చేయాలన్నారు. డాక్టరుగారు కుర్ర మనిషే, నెమ్మదస్తుడు. మామూలు చూపుకి దిగులు లేదు, అంత సన్నపని మళ్ళీ చేయగలరో లేదో మాత్రం ఇప్పుడే చెప్పలేనన్నాడు. ఆ మాటకి ఈయన తల ఊపాడు. నాకు మామగారి మంచం కళ్ళముందు కదిలింది.

ఆపరేషను అయింది. కట్టు విప్పారు. చుక్కల మందు వేయడం, నల్లద్దాలు, తల వంచొద్దని పోట్లాట, అన్నీ అయ్యాయి. కొట్టు మూసే ఉంది. ఈయన ఆ ఊసెత్తడు, నేనూ ఎత్తను. భూతద్దం అలమారులో ఉంది. దాని వైపు చూడ్డం కూడా మానేశాడు. నేను వంటింట్లో గిన్నెలు తోముతూ, వద్దనుకుంటూనే కొట్టు ఎవరికైనా అద్దెకివ్వాల్సొస్తుందేమోనని ఆలోచించడం మొదలుపెట్టాను.

డాక్టరుగారు నల్లద్దాలు తీసేయొచ్చన్న రోజు సాయంత్రం, నేను బట్టలు తీసుకుని డాబా దిగేసరికి ఈయన ముందుగదిలో లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు. ఆ అమావాస్య నాడు తీసిన ఫోటోలున్నాయి అందులో. రెండు కత్తులూ వాటి మధ్య గీతా ఉన్నది తెర మీద పెట్టుకున్నాడు. నేను మర తిప్పి ఆపాక తీసినదది.

"ఇదిగో, ఇటు రా," అన్నాడు. "ఆ రోజు నువ్వూ మధ్యలో పెట్టలేదు. వెంట్రుకవాసి కుడిపక్కకుంది."

వంగి చూశాను. నాకు మధ్యలోనే ఉంది. చీర కొంగుతో తెర తుడిచి చూశాను. అప్పుడూ మధ్యలోనే ఉంది. ఆయన అలమారులోంచి గడియారాల పట్టకారు తెచ్చి, దాని మొనతో ఆ గీతకి రెండు పక్కలా ఉన్న సందులు కొలిచి చూపించాడు. చెయ్యి వణకలేదు. అప్పుడు కనిపించింది. నిజమే, ఒక పక్క వెంట్రుకంత ఎక్కువుంది.

నా తప్పు పడితే మాటకి మాట అప్పజెప్పకుండా నేను ఊరుకున్నది జన్మలో అదొక్కసారే. ఏడుపు ఆగలేదు. చేతిలో బట్టలతోనే మొహం కప్పుకుని అక్కడే కూర్చుండిపోయాను. ఆయన పట్టకారు మొన చూసుకుంటూ, వెంట్రుకవాసి తేడా ఆనలేదంటే నీ కళ్ళు కూడా ఒకసారి చూపించాలే, పొద్దున కొట్టు తెరిచాక వెళ్ళొద్దాం అన్నాడు.