రాహేలమ్మ పుక్కిలించిన రెండో సీసా

పదేళ్ళకు పైగా ఈ మాటను మింగలేక, కక్కలేక మోస్తున్నాను. ప్రతి ఆదివారం చర్చిలో అందరితో కలిసి పాపపు ఒప్పుకోలు గట్టిగానే చదువుతాను. అందులో అందరి తప్పులూ ఉంటాయి కాబట్టి నాది విడిగా ఎవరికీ వినపడదు. అలా గుంపులో దాక్కుని ఒప్పుకోవడం బాగా అలవాటైపోయింది. ఇవాళ ఇది చదివే మీకు విడిగా చెబుతున్నాను. నేనెవరో మీకు తెలియదు. అందుకే ధైర్యం వచ్చిందేమో.

యాభయ్యేడు వేసవి. ఆసియా ఫ్లూ అని పేపర్లు రాస్తున్నాయి. నేను నర్సు ట్రైనింగు ముగించి బందరులో కొత్తగా ఉద్యోగంలో చేరాను. దగ్గు, పడిశం, జ్వరం ఏటా వచ్చేవే కదా అని జనం తేలిగ్గా తీసుకున్నారు. ఇది కొత్త రకమా, ఏ ఊళ్ళ మీదుగా ఎటు పోతోంది అని తెలుసుకోవడానికి దేశమంతటా రోగుల గొంతు కడిగిన నీళ్ళు సేకరిస్తున్నారు. రోగి ఉప్పునీళ్ళు పుక్కిలించి సీసాలో ఉమ్మాలి. సీసా మీద పేరు, వీధి రాసి, ఐసులో పెట్టి గుడివాడ మీదుగా రైల్లో ల్యాబుకి పంపాలి. మా డాక్టరుగారు ఆ సీసాలను ఇంకో పనికి కూడా వాడుకునేవారు. ఏ వీధి సీసాలు ఎక్కువుంటే జ్వరం అక్కడే ఎక్కువని లెక్కేసి, ఉన్న కాస్త పెన్సిలిన్‌తో ముందు అక్కడికి వెళ్ళేవారు. ఫ్లూకి మందు లేదు. దాని వెనక రొమ్ముకు పట్టే నిమ్ముకి పెన్సిలిన్ ఉంది.

నన్ను దివిసీమలో ఒక ఊరికి పంపారు. రేవు దాటి, బండెక్కి, ఐసుపెట్టె ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాను. మొదట రైతుల వీధికి పోయాను. ఎవరూ నన్ను తిట్టలేదు. అదే బాధ. ఒక పెద్దింటి ఆవిడ ఎంతో మర్యాదగా, ఏమీ అనుకోవద్దని, నా చేతి నీళ్ళు నోట్లో పోసుకోలేమని, తమ ఎంగిలి పరాయివాళ్ళ చేతికి ఇవ్వకూడదని చెప్పింది. ఇస్తే చేతబడి చేస్తారని భయమట. ఆ వీధిలో అందరిదీ అదే మాట. నేను తెల్ల చీర కట్టుకున్నా, ట్రైనింగులో మెడల్ తెచ్చుకున్నా, వాళ్ళకు నేను పాలెం పిల్లనే, ఊరవతల అంటరానివాళ్ళ వాడ పిల్లనే.

వెనక్కి వెళ్ళి ఆ మాట డాక్టరుగారికి చెబితే అయిపోయేది. ఆయన మంచివారే, తానే వచ్చి ఉండేవారు. కానీ నన్ను గడప తొక్కనివ్వలేదని నా నోటితో ఎలా చెప్పను? అది వాళ్ళ సిగ్గు కదా, నాది ఎందుకనుకున్నాను?

కాలవ దాటి పాలేనికి వెళ్ళాను. అక్కడ ఇంటింటా జ్వరమే. అందరూ వద్దనకుండా పుక్కిలించారు. చర్చి పక్క ఇంట్లో రాహేలమ్మ ఉండేది. మా అమ్మ స్నేహితురాలు, చుట్టం కాకపోయినా చిన్నప్పటి నుంచీ పిన్నీ అని పిలిచేదాన్ని. ఆమెకు ఒళ్ళు కాలిపోతోంది. ఒక సీసా తీసుకున్నాక మళ్ళీ గ్లాసు అందించాను.

"ఇప్పుడేగా ఉమ్మాను. మళ్ళీ ఎందుకే?"

"సరిపోలేదు పిన్నీ. ఇంకొక్కసారి."

"ఓసినీ! నా ఎంగిలికి కూడా గిరాకీ వచ్చిందన్నమాట. పట్టుకుపో, పట్టుకుపో."

నవ్వబోయి దగ్గింది. ఆ రెండో సీసా మీద నేను పెద్దింటి ఆవిడ పేరు రాశాను. పాలెంలో ఇంకా చాలామంది చేత అలాగే రెండేసి సార్లు పుక్కిలింపించి, రెండోవాటి మీద రైతుల వీధి పేర్లు వేశాను. ఎండకి ఐసు కరిగిపోతుంటే కొన్ని సీసాలు పారబోయాల్సి వచ్చింది. పారబోసినవి పాలెం పేర్లున్నవే. రైతుల వీధి సీసాలు తక్కువైతే అనుమానం వస్తుందని.

డాక్టరుగారు సీసాలు చూసి, జ్వరం రైతుల వీధిలోనే ఎక్కువని తేల్చారు. క్యాంపు అక్కడే పెట్టించారు. బయల్దేరే ముందు పాలెంలో ఎలా ఉందని నన్ను అడిగారు. ఫర్వాలేదండీ అన్నాను.

సీసాల సంగతి భయంతో చేశానని సర్దిచెప్పుకోవచ్చు. ఈ మాటకి ఏ సాకూ లేదు. ఆయన నా మొహం చూసి అడిగారు, నేను ఆయన మొహం చూసి అబద్ధం చెప్పాను. నిజం చెబితే సీసాల మోసం బయటపడుతుంది, ఉద్యోగం పోతుంది. అంతే. నా ఉద్యోగం ఒకవైపు, పాలెం మొత్తం ఒకవైపు అని ఆ క్షణాన తెలియదా? తెలుసు. బాగా తెలుసు.

క్యాంపు రైతుల వీధిలో ఉన్నన్నాళ్ళూ పాలెం నుంచి మంచం పట్టినవాళ్ళెవరూ కాలవ దాటి రాలేకపోయారు. మందు అక్కడే అయిపోయింది. రాహేలమ్మకు నిమ్ము చేసింది. క్యాంపు ఎత్తేసిన మర్నాడు పోయింది. నేను సమాధి దగ్గర పాట పాడాను. నా గొంతు బాగుందని ఆమె భర్త దేవదానం మావయ్య తర్వాత అందరితో చెప్పాడట.

కొన్నాళ్ళకు ల్యాబు నుంచి జవాబు వచ్చింది. పెద్దింటి ఆవిడ పేరున్న సీసాలో కొత్త వైరస్ దొరికిందట. దివిసీమకి కూడా ఫ్లూ చేరిందని దాంతోనే రూఢి అయింది. డాక్టరుగారు నలుగురిలో నన్ను మెచ్చుకున్నారు. చప్పట్లు కొట్టారు. చేతులు జోడించి నిలబడ్డాను.

మందు అందితే బతికేదా? ఏమో. నిమ్ము ముదిరితే పెన్సిలిన్ ఇచ్చినా పోయినవాళ్ళున్నారు. ఇన్నేళ్ళూ ఆ ఏమోని పట్టుకునే బతికాను. ఇవాళ దాన్ని వదిలేస్తున్నాను. ఆమెకు ఆ అవకాశం లేకుండా చేసింది నేను. ఆమె ఎంగిలి దేశానికి పనికొచ్చింది, ఆమె పేరు పనికిరాకుండా పోయింది. అదీ నా పనే.

మీరు క్షమించాలని రాయలేదు. అది మీ చేతిలో లేదు. మావయ్యకు చెప్పాలి. ఇప్పుడాయన గుడివాడలో ఉంటున్నాడు. ఈ వారం గుడివాడ వెళ్ళి చెబుతాను. కొడతాడో, ఏడుస్తాడో, తలుపేసుకుంటాడో. ఏది చేసినా ఆయనిష్టం. నేను గుమ్మంలోనే నిలబడతాను.

ఇదంతా రాసేశాను. ఒళ్ళు తేలికగా ఉంది. ఇంత తేలికగా ఉండటం న్యాయమేనా అని కూడా అనిపిస్తోంది. కానీ నిజం చెప్పడానికే కూర్చున్నాను కాబట్టి ఇదీ చెప్పేస్తాను. నాకు ఆకలేస్తోంది.