తోక మీది ఆఖరి అక్షరం

మా నాన్న నరసరావుపేటలో ఆటో నడుపుతారు. పైలట్ శిక్షణలో నేను తొలిసారి ఒంటరిగా విమానం నడపాల్సిన రోజున, ఇస్త్రీ చొక్కా వేసుకుని మా శిక్షణ కేంద్రానికి వచ్చారు. విమానం చుట్టూ తిరిగి చూసి మా శిక్షకుణ్ణి అడిగారు:

"సార్, ఈ బండికి ఫిట్‌నెస్ కాయితం ఉందా?"

తోటి విద్యార్థులు ఫక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్లయింది. "నువ్వూరుకో నాన్నా, అన్నీ నేను చూసుకున్నా" అని కసిరాను.

శిక్షకుడు మాత్రం నవ్వకుండా ఫైలు తెచ్చి నాన్న చేతికిచ్చారు. నాన్నకు ఇంగ్లీషు రాదు. అయినా రిజిస్ట్రేషన్ అక్షరాల మీద వేలు పెట్టుకుని, విమానం తోక దగ్గరకు నడిచి, అక్కడ రాసినవాటితో ఒక్కొక్కటే పోల్చారు.

"ఆఖరిది తేడాగా ఉందేంది సార్? ఇది వేరే బండిది."

నిజమే, అది పక్క విమానం ఫైలు. 'పత్రాలు సరిచూశాను' అన్నచోట సంతకం మాత్రం నాది. ఆ రోజు నన్ను ఎగరనివ్వలేదు.

"నేను నోరు మూసుకునుంటే ఎగిరేదానివి గదమ్మా" అని దారంతా నాన్న బాధపడ్డారు. నేను తలెత్తలేకపోయాను.

వారం తర్వాత నాన్నను బతిమాలి మళ్లీ తీసుకెళ్లాను. ఈసారి ఆయన దూరంగా నిలబడ్డారు. నేనే పత్రం మీద వేలు పెట్టుకుని తోకదాకా నడిచి, ఆఖరి అక్షరం వరకూ పోల్చి, ఆయన వైపు చూశాను.

"ఇంక పోనియ్యమ్మా!" అని అరిచారు.

'పోనియ్' – ఇన్నేళ్లూ ఆటో ఎక్కినవాళ్లు ఆయనతో అన్న మాట అది. ఆ రోజు ఆయన నాతో అన్నారు.

– షేక్ షాహీన, నరసరావుపేట