మూడు నెలల కాపురం

ఢిల్లీ చలి నాకు పెద్ద సమస్య కాదు. స్వెట్టరు మీద జాకెట్టు వేసుకుంటే సరిపోతుంది. మా పిన్నికి అలా కాదు. దీపావళి దాటాక మంచూ పొగా కలిసి కిందికి దిగితే ఆమెకు ఊపిరి ఆడదు. కిందటి చలికాలమంతా ఆమె పడుకోలేదు. వీపు వెనక దిళ్ళు పేర్చుకుని కూర్చునే నిద్రపోయింది. ఆసుపత్రిలో కూడా చేర్చాల్సి వచ్చింది. వేసవిలో పరీక్షలన్నీ చూసిన డాక్టరు, "వచ్చే చలికాలం ఈమెను ఇక్కడ ఉంచకండి" అన్నాడు. మందుల చీటీలో రాయలేదు. నా మొహంలోకి చూసి చెప్పాడు.

నన్ను పెంచింది పిన్నే. పెళ్ళి చేసుకోలేదు. ఢిల్లీలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో చేరి, అక్కడే ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసింది. డిసెంబరు ఆఖరున ఆమె రిటైర్మెంటు. ముందే సెలవు పెట్టి వెళ్ళిపోదామంటే వినలేదు.

"ఇన్నేళ్ళు చేసి చివరి నెల సెలవు పెడితే పారిపోయినట్టుంటుంది" అంది.

చుట్టాల ఇళ్ళ మాట ఎత్తితే అదీ కుదరదంది. "చుట్టం రెండ్రోజులుంటేనే ముద్దురా. మూడు నెలలుంటే వాళ్ళే ఊరొదిలి పోతారు."

అందుకని జనవరి మొదట్నుంచి మార్చి దాకా ఉండటానికి, వెచ్చని ఊళ్ళో, మంచమూ పొయ్యీ గిన్నెలూ సహా అన్నీ ఉన్న అద్దె ఇల్లు వెతకడం నా పనయింది. ఊరి ఎంపికకు ఆలోచన అక్కర్లేదు. పిన్ని పుట్టింది కృష్ణ ఒడ్డున. నేను ఇంజనీరింగు చదివింది విజయవాడలో. అక్కడి జనవరి ఎలా ఉంటుందో ఇద్దరికీ తెలుసు. పొద్దున్నే పల్చటి చలి, తొమ్మిదింటికల్లా ఎండ, మధ్యాహ్నం ఫ్యాను.

కార్తీకంలో వారం సెలవు పెట్టి విజయవాడలో దిగాను. నాతో కాలేజీలో చదివిన స్నేహితుడికి ఆటోనగర్‌లో లారీ విడిభాగాల కొట్టు ఉంది. తన బండి మీద తిప్పుతానన్నాడు. నేను చదివింది ఇన్‌స్ట్రుమెంటేషన్. కొలవనిదే ఏదీ నమ్మబుద్ధి కాదు. జేబులో గాలి నాణ్యత చూసే చిన్న పరికరం పెట్టుకున్నాను. షరతులు కూడా రాసుకున్నాను. మెట్లు ఎక్కే పని ఉండకూడదు. కిటికీలు ఎదురెదురుగా ఉండాలి. మంచం ఎత్తు మోకాలిని దాటకూడదు. వంటింట్లో పొగ నిలవకూడదు. గోడలకు చెమ్మ ఉండకూడదు. కుర్చీకి చేతులుండాలి, ఎందుకంటే ఆయాసం వచ్చినప్పుడు మనిషి వాటినే పట్టుకుంటుంది.

స్నేహితుడు అవి చదివి కాగితం నాకే ఇచ్చేశాడు.

"ఇల్లు వెతుకుతున్నావా, బండికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇస్తున్నావా? అయినా మూడు నెలల కాపురం ఎవడిస్తాడ్రా? ఇదేమన్నా సినిమా షూటింగా?"

అతను అన్నది నిజమే. ఇక్కడ అద్దె ఇల్లంటే నాలుగు గోడలు. మంగళగిరిలో కొత్త అపార్ట్‌మెంటు చూశాం. గాలి బాగుంది, లిఫ్టు ఉంది. ఓనరు ఫోన్లో నవ్వాడు. "ఫ్యాన్లు కూడా మీరే బిగించుకోవాలండీ. మంచాలు మేమివ్వడమేంటి? పక్క కూడా మేమే వెయ్యాలా?" కొండపల్లిలో ఒకాయన మంచాలిస్తానన్నాడు గానీ ఇల్లు మేడ మీద. మెట్లు ఎక్కడానికి నాకే ఆయాసం వచ్చింది. సంగతి విని ఆయన ఆశ్చర్యపోయాడు. "చలి తప్పించుకోడానికి ఇక్కడికొస్తారా? మే నెల్లో ఎండ తప్పించుకోడానికి మేం మీ ఇంటికి రావచ్చా మరి?" సిటీలో రోజువారీ అద్దెకిచ్చే గదులు చూశాం. అన్నీ ఉన్నాయి, కానీ కిటికీలు తెరుచుకోవు. కింద పరిచిన తివాచీని చెప్పుతో తడితే దుమ్ము లేచింది. పరికరంలో అంకె ఎర్రబడింది.

నాలుగో రోజుకు స్నేహితుడే దారి చూపించాడు. బందరు రోడ్డులో కంకిపాడుకు ఇవతల, కాలువ గట్టు వైపు తిరిగే సందులో వాళ్ళమ్మకు తెలిసిన ఒక రిటైర్డు టీచరుగారు ఉన్నారట. ఆవిడ కూతుళ్ళిద్దరూ దూరంగా గురుకుల పాఠశాలల్లో టీచర్లు. పిల్లలతో సహా వేసవి సెలవులకే వస్తారు. వాళ్ళ కోసం కట్టిన వెనక పోర్షను బడులు తెరిచాక మళ్ళీ ఏప్రిల్ దాకా ఖాళీగా ఉంటుంది.

టీచరుగారు గేటు దగ్గరే ఎదురొచ్చారు. సన్నగా, పొడుగ్గా, కళ్ళద్దాల తాడు మెడలో వేసుకుని ఉన్నారు. వరండా గోడ మీద బైబిలు వాక్యం ఉన్న క్యాలెండరు, కింద సగం అతికించిన క్రిస్మస్ స్టారు ఉన్నాయి. నేను పరికరం బయటికి తీశాను. ఆవిడ దాన్ని చూసి, "రీడింగు ఎంతొచ్చింది బాబూ?" అని అడిగారు. చెప్పాను. "పాసయ్యామా?" అన్నారు. అప్పటిదాకా నేను చూసిన అంకెలన్నిటి కన్నా తక్కువ వచ్చిందని చెప్పాను.

ఇల్లు చూపిస్తూ ఆవిడ వస్తువులు చెప్పలేదు, పిన్ని గురించి అడిగారు. పడుకుంటే ఆయాసమా, నడిస్తే ఆయాసమా? దోమతెరలో ఊపిరాడనట్టుంటుందా? తాలింపు ఘాటు పడుతుందా? అడిగినదానికల్లా నేను జవాబు చెబుతుంటే ఆవిడ చేతులు పని చేస్తూనే ఉన్నాయి. బూరుగు దూది దిళ్ళు తీసి పక్కన పెట్టారు. మంచాన్ని గోడ నుంచి కిటికీ వైపు జరిపించారు. బీరువా మీది పాత పుస్తకాలు దించమని మా స్నేహితుడికి చెప్పారు. ఆటోనగర్‌లో పదిమందికి పని చెప్పే మనిషి కిక్కురుమనకుండా దించాడు. నా కాగితం తీసి చూసుకోవలసిన అవసరమే రాలేదు. ఇంత శ్రద్ధగా ఒక గదిని మనిషికి సరిపడేలా చెయ్యడం నేను మా ల్యాబుల్లో కూడా చూడలేదు.

ఆనందంగా అక్కణ్ణుంచే పిన్నికి ఫోను చేశాను.

"ఎప్పట్నుంచి?" అంది.

"జనవరి మొదటి వారం."

అవతల నెలల పేర్లు గొణుక్కోవడం వినిపించింది. తర్వాత, "అది పుష్యం కదరా" అంది.

నేను అన్నీ కొలిచాను. పంచాంగం మాత్రం చూడలేదు. పుష్యం శూన్యమాసం. మావైపు ఆ నెలలో ఎవరూ ఇల్లు మారరు. కొత్త పొయ్యి వెలిగించరు.

"అద్దె ఇల్లే కదా పిన్నీ!"

"అద్దెదైతే మాత్రం? పాలు పొంగించకుండా ఇంట్లో కాపురం ఎట్టా పెడతారు? పుష్యంలో పాలెట్టా పొంగిస్తారు? మాఘం రానీ, అప్పుడొస్తా."

ఆ ఏడు మాఘం జనవరి ఆఖరుకు గానీ రాదు. అంటే ఢిల్లీలో అన్నిటికన్నా చెడ్డ నెలంతా ఆమె అక్కడే ఉంటుంది. డాక్టరు ఏ నెలకు భయపడ్డాడో సరిగ్గా ఆ నెల. నేను గొంతు పెంచాను. ఆమె ఇంకా పెంచబోయి దగ్గింది. ఆ దగ్గు ఆగేదాకా ఫోను పట్టుకుని నిలబడ్డాను.

టీచరుగారు చెయ్యి చాచారు. ఫోను ఇచ్చాను. స్పీకరు నొక్కి మాట్లాడారు.

"నమస్తే వదినగారూ. ఇంటివాళ్ళం మాట్లాడుతున్నాం. మాకు శూన్యమాసాల్లేవు గానీ, మా సందులో అద్దెకున్నోళ్ళందరికీ ఉండేయి. ఇరవయ్యేళ్ళుగా చూస్తన్నా. ఒక్క మాట అడుగుతా. ఈ ఇల్లు అద్దెకు తీసుకునేదెవరు? మీరా, మీ అబ్బాయా?"

"వాడే."

"మరి కాపురం అబ్బాయిది. ఇప్పుడు కార్తీకం. ఇయ్యాళే పాలు పొంగిస్తాడు. మీరు జనవరిలో మీ అబ్బాయింటికొస్తారు. కొడుకింటికి రావటానికి కూడా శూన్యమాసం అడ్డమొస్తదా?"

పిన్ని ఆలోచించింది. "పెళ్ళి కానోడు పాలు పొంగిస్తే కాపురమెట్టా అవుద్దండీ?"

"బ్రహ్మచారని పాలు పొంగనంటాయా వదినగారూ?"

పిన్ని నవ్వింది. కానీ ఒప్పేసుకోలేదు. ఫైళ్ళ మధ్య బతికిన మనిషి, లొసుగు ఎక్కడుందో ఆమెకు తెలుసు. "పొంగించి తాళమేసి వచ్చేస్తే అది కాపురం కాదు, నాటకం. పెట్టిన పొయ్యి రోజూ వెలగాలి. లేకపోతే నేను రాను."

ఇక్కడ నాకు దారి మూసుకుపోయినట్టయింది. రోజూ పొయ్యి వెలిగించడానికి నేను ఇక్కడుంటే, డిసెంబరంతా పిన్ని ఢిల్లీలో ఒంటరిగా ఉండాలి. అర్ధరాత్రి ఊపిరాడకపోతే మందు పొగ పీల్చే మిషను తగిలించేవాళ్ళు ఉండరు. అక్కడుంటే ఇక్కడ పొయ్యి ఆరిపోతుంది. నేనేదో చెప్పబోయేలోగా టీచరుగారే అన్నారు.

"పొయ్యి నేను వెలిగిస్తా. పొద్దున టీ ఎక్కడ పెట్టుకుంటే ఏముంది? మీరొచ్చేదాకా ఈ పొయ్యి మీదే పెట్టుకుంటా. మీకేమన్నా అభ్యంతరమా?"

అడిగింది ఏమిటో ఇద్దరికీ తెలుసు. నేను బీరువా వైపు చూస్తూ నిలబడ్డాను.

"అభ్యంతరమెందుకండీ" అంది పిన్ని. "కాకపోతే వట్టి టీ పెడితే చాలదు. ఆదివారమన్నా ఓ కూర ఒండండి. పొయ్యికి టీ ఒక్కటే అలవాటు చేస్తే చెడుద్ది."

"ఆదివారం మా ఇంట్లో కోడి."

"ఇంకా మంచిది."

ఆ సాయంత్రం కొత్త గిన్నెలో పాలు పొంగించాను. పిన్ని వీడియోలో చూస్తూ తూర్పెటో, మంట ఎంతుండాలో చెబుతూనే ఉంది. టీచరుగారు పక్కన నిలబడి, పాలు పొంగగానే స్టవ్ కట్టడానికి చెయ్యి సిద్ధంగా పెట్టుకున్నారు. స్నేహితుడు చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని, గుడిలో ఉన్నట్టు నిలబడ్డాడు. పాలు పొంగి స్టవ్ మీదికి కారాయి. "అయింది కాపురం" అన్నాడు. ఆ పాలలోనే బియ్యం వేసి పరమాన్నం వండాను. అడుగంటింది. ముగ్గురం తిన్నాం.

నేను ఢిల్లీ వెళ్ళిపోయాను. మర్నాడు పొద్దున్నే పిన్ని ఫోనుకు ఫొటో వచ్చింది. ఆ పొయ్యి, దాని మీద టీ గిన్నె. అక్షరం కూడా లేదు. ఆ మర్నాడూ వచ్చింది. నేను పనిచేసే చోట పరికరాలు చెప్పిన వేళకు చెప్పినట్టు అంకె పంపాలంటే ఎన్ని ఏర్పాట్లు చెయ్యాలో నాకు తెలుసు. అయినా తప్పుతాయి. టీచరుగారు ఒక్క రోజు తప్పలేదు. తుఫాను వానకు కరెంటు పోయిన రోజు టార్చి వెలుగులో తీసిన ఫొటో వచ్చింది. ఆదివారాలు కోడికూర వచ్చేది. క్రిస్మస్ రోజు చర్చికి వెళ్ళే హడావుడిలో, ఇంటి నిండా బంధువులతో, పెద్ద గిన్నెలో అందరి టీ ఆ పొయ్యి మీదే కాచారు. ఫొటో మూలన కొత్త పట్టుచీర అంచు కనబడింది.

డిసెంబరు రెండో వారానికి పిన్ని దిళ్ళు మళ్ళీ వీపు వెనక్కి చేరాయి. ఆఫీసుకు వెళ్ళొచ్చి మెట్ల దగ్గర ఆగి ఆగి ఎక్కేది. మిషను మాస్కు మొహానికి పెట్టుకుని, ఫోను ఒళ్ళో పెట్టుకుని ఆ ఫొటోలు ఒక్కొక్కటే జరుపుతూ చూసేది. ఒకరోజు మాస్కు పక్కకు తీసి, "ఆవిడ టీ పొడి ఎక్కువేస్తారురా. రంగు చూడు" అంది. మళ్ళీ పెట్టుకుంది.

ఆఫీసులో చివరి రోజు దండలు వేయించుకుని వచ్చి, పెట్టె తనే సర్దుకుంది. మంచుకు విమానం ఆలస్యమైంది. గన్నవరంలో దిగి తలుపు దగ్గరికి రాగానే ఎండ మొహాన కొట్టింది. పిన్ని శాలువా తీసి నా చేతికిచ్చింది. కంకిపాడు దాకా దారి పొడుగునా కోతలై మినుము మొలిచిన పొలాలు ఆకుపచ్చగా ఉన్నాయి. టీచరుగారు గేటు తీసి పట్టుకున్నారు. పిన్ని మాత్రం గడప ముందు ఆగిపోయింది.

"ఏంటలా నిలబడ్డావు? లోపలికెళ్ళు ముందు. కాపురం నీదేగా. నన్ను పిలువు" అంది నాతో.

నేను లోపలికి వెళ్ళి వెనక్కి తిరిగి, "రా పిన్నీ" అన్నాను. పిన్ని కుడికాలు పెట్టి చుట్టంలా వచ్చి, చేతులున్న కుర్చీలో కూర్చుని, టీచరుగారి చెయ్యి పట్టుకుంది. నెలకు పైగా ఆ ఫొటోలతోనే వాళ్ళు మాట్లాడుకుంటున్నారు.

మొదటి వారం నేను ఊపిరి లెక్కలు చూస్తూ గడిపాను. తర్వాత ఒక పొద్దున కిటికీ దగ్గర కూర్చుని ఆఫీసు పని చేసుకుంటుంటే బయట పిన్ని గొంతు వినిపించింది. ఆకుకూరల బండి వచ్చింది.

"ఇదేం గోంగూరయ్యా? నిన్నటిది నీళ్ళు చల్లి ఇయ్యాళ తెస్తే నాకు తెలీదనుకున్నావా? కాడ చూడు, ఎట్టా ఎండిందో. ఎర్ర గోంగూర అడిగితే తెల్లది కట్టావు, పైగా మధ్యలో ముదురాకు దాచావు, పులుపుండదు, పచ్చడికి పనికి రాదు, మళ్ళీ తాజా అంటావా?"

"ఢిల్లీ నుంచొచ్చారంట గదమ్మా, మీకు గోంగూర సంగతి తెలుసా?"

"ఢిల్లీ నుంచొస్తే నాలిక అక్కడ వదిలేసొస్తారా? నువ్వు పుట్టకముందు నుంచి తింటున్నా. రేపు ఎర్రది తే, లేకపోతే ఈ సందులోకి రాకు!"

అంతా ఒకే ఊపులో అంది. ఎక్కడా ఆగలేదు. దగ్గలేదు. బండి పట్టుకోలేదు. టీచరుగారు తన వరండాలోంచి, "అట్టా అడగండి వదినగారూ, నా మాట ఎప్పుడూ వినడు" అని అందుకున్నారు. నేను లేచి వెళ్ళి మధ్యస్థం చేద్దామనుకుని, మానేశాను. లాప్‌టాప్ మీద చేతులు ఆపి, ఆ పోట్లాట ఇంకాస్త సేపు సాగితే బాగుండునని వింటూ కూర్చున్నాను.