వంగని నడుం, ఒక్క ఉద్యోగం

ఆ రోజుల్లో టాటానగర్ కాసిడీహ్ పేటలో మా తాతగారి పేరు చెబితే రిక్షావాడు మళ్ళీ దారి అడిగేవాడు కాదు. ముత్తాతగారు శ్రీకాకుళం నుంచి వచ్చిన తొలి మేస్త్రీలలో ఒకరు. తాతగారు పెద్ద కంట్రాక్టరు. టాటానగర్‌లో రైలు దిగిన మనవాళ్ళు మా వరండాలో ఆయన టేకు పడక్కుర్చీకి దణ్ణం పెట్టాకే పనిలో చేరేవారు (కుర్చీ ఖాళీగా ఉన్నా పెట్టేవారని నానమ్మ చెప్పేది, నేను నమ్ముతాను). నేను పుట్టేసరికి కంట్రాక్టులు పోయాయి. కుర్చీ, నిటారు నడుం మిగిలాయి.

ఆ నడుంతోనే కాలేజీలో ఎనిమిది వందల మీటర్లు పరుగెత్తి పతకాలు తెచ్చాను. "ముగింపు గీత దగ్గర ఝుకో బేటీ, ఛాతీ ముందుకు వంచు" అని మా మాస్టారు మొత్తుకునేవారు. నానమ్మతో చెబితే, "ఏటీ, గెలవడానికి ఒంగాలా? మీ తాత దొరల ముందే ఒంగనేదు" అంది. నాకు నానమ్మ మాటే బాగుంది.

డిగ్రీ అయ్యాక ఒక కంపెనీ క్రీడాకారులకు ఉద్యోగాలిస్తామంది. మగవాళ్ళకు ఆరు, ఆడవాళ్ళకు ఒకటి. మేనత్త కొడుకు, నేను ఒకే రోజు పరుగెత్తాం. బావ బూటు లేసు ఊడి, రొప్పుతూ ఆరోవాడుగా వచ్చాడు, ఉద్యోగం వచ్చింది. నేను చివరిదాకా ముందున్నాను. గీత దగ్గర పక్క అమ్మాయి ఒక్కసారిగా ముందుకు వాలింది. నేను తాతగారు వరండాలోకి వచ్చినంత నిటారుగా వచ్చి, రెండోదాన్నయ్యాను.

"ఏటే మరదలా, ఆరోవోడికి క్వార్టరు, రెండోదానికి ఇల్లేనా?" అన్నాడు బావ.

"నీ వెనకాల ఎంతమంది వచ్చారు బావా?"

"ఒక్కడు. ఆడికి కాలు బెణికింది."

"నా వెనకాల పదకొండు మంది."

బావ వంగి ఊడిన లేసు కట్టుకున్నాడు. "మీకూ ఆరుండాల్సిందే" అన్నాడు.

నేను ఏడవలేదు (మా ఇంట్లో ఆ అలవాటూ లేదు). కోచ్ కోర్సు చదువుతానన్నాను. నానమ్మ వరండా వైపు చూసింది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే అగ్రికో మైదానంలో పాతికమంది ఆడపిల్లలు నా దగ్గర పరుగు నేర్చుకుంటారు. కంపెనీలో ఆడవాళ్ళకిచ్చే ఆ ఉద్యోగం ఇంకా ఒకటే. మూడేళ్ళుగా అది మా పిల్లలకే వస్తోంది. "ఒంగండే" అన్న నా కేక కాసిడీహ్ దాకా వినిపిస్తుందని బావ అంటాడు. "దీదీ, కర్‌కే దిఖాయియే" అని పిల్లలు చేసి చూపించమంటారు. చూపించను. నాకు ఇప్పటికీ రాదు.

కోర్సు ఫీజు కోసం తాతగారి పడక్కుర్చీ అమ్మేశాం.