కుందేలు లేకుండా ఎంత?

ధర వింటే చాలు, మామయ్య కూలబడిపోతాడు. ఏ వస్తువు ధరైనా సరే, కొనేది ఎవరైనా సరే. "బాబోయ్!" అని ఒక్క కేక పెట్టి, ఎక్కడున్నవాడు అక్కడే చతికిలబడతాడు. అందుకే చుట్టాలందరికీ ఆయన బాబోయ్ మామయ్య. మామయ్య వరస కానివాళ్ళు కూడా అలాగే పిలుస్తారు.

అలాగని పిరికివాడనుకునేరు! ఆయన పని లిఫ్టులు బాగుచెయ్యడం. పద్నాలుగో అంతస్తులో, కింద చీకటి తప్ప ఇంకేమీ కనపడని గోతిలోకి సగం ఒళ్ళు వంచి, ఒక చేత్తో ఇనపతాడు పట్టుకుని, రెండో చేత్తో గ్రీజు రాస్తూ కూనిరాగం తీసే మొండిఘటం. అంత మనిషికీ అట్టముక్క మీద నాలుగు అంకెలు కనిపిస్తే కాళ్ళు పనిచెయ్యవు.

ఒకసారి తోడల్లుడు కొత్త సోఫా కొన్నాడు. మామయ్య దర్జాగా కాలు మీద కాలు వేసుకుని, కాఫీ తాగుతూ, "మెత్తగా భలే ఉందోయ్, ఎంతేమిటి?" అన్నాడు. తోడల్లుడు పాపం చెప్పాడు. మామయ్య నేల మీదికి జారాడు, కాఫీ సోఫా మీద పడింది. "లేచి పైన కూర్చో అన్నయ్యా" అని తోడల్లుడు బతిమాలితే, "వద్దు నాయనా, నా బరువుకి అది అరిగిందంటే ఆ అరుగుదల నేనెక్కణ్ణుంచి తేను?" అని భోజనం కూడా కిందే కూర్చుని చేసి వెళ్ళాడు.

కళ్ళద్దాల షాపులో ఇంకో భాగోతం. ఫ్రేము ధర చెప్పారు.

"అద్దాలతో కలిపేనా?"

"అద్దాలు వేరండీ."

"బాబోయ్! ఇంత పోసి కొన్నాక కూడా ఏమీ కనపడదన్నమాట!"

ఆ రోజు ఆయన పక్కన ఉన్నది మేనల్లుడు. కుర్రాడికి తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి తల్లి మీద విరుచుకుపడ్డాడు. "నీ తమ్ముడితో చచ్చినా బజారుకెళ్ళను. అందరూ మనల్నే చూసి నవ్వుతున్నారు." విచిత్రమేమిటంటే, ఇంత పరువు తీసే మనిషి లేకుండా తల్లి ఏ షాపు గుమ్మమూ ఎక్కేది కాదు.

అలాంటి మేనమామ ఉన్న కుర్రాడికి ఎక్కడ ఉద్యోగం దొరికిందంటారు? కుందేలు బొమ్మ చొక్కాల షోరూంలో! మెడపట్టీ, రెండు గుండీలు, పొట్టిచేతులు, గుండె మీద గోరంత కుందేలు. అంతే చొక్కా. ధర మాత్రం కొన్ని ఇళ్ళలో నెల సరుకులతో పోటీపడుతుంది.

ఉద్యోగంలో చేరిన మూడో రోజునే మామయ్య దిగాడు, మేనల్లుడి వైభవం కళ్ళారా చూద్దామని. షోరూం నిండా గుసగుసగా సంగీతం, ఖరీదైన వాసన. మామయ్య ఒక చొక్కా పట్టుకున్నాడు.

"ఎంతరా ఇది?"

"మెల్లిగా మామయ్యా. పదకొండు వేలు."

"బాబోయ్!"

అద్దాల కిటికీలో నిలబెట్టిన బొమ్మ కాళ్ళు పట్టుకుని కూలబడ్డాడు. బొమ్మ టోపీ ఊడి ఆయన నెత్తిన పడింది.

"ఇదేమన్నా చలికి వెచ్చగా ఉంటుందా?"

"ఉండదు."

"ఎండకి చల్లగా?"

"మామూలు నూలు గుడ్డే మామయ్యా. లే, దణ్ణం పెడతాను."

"మరెందుకురా అంత?"

"ఆ కుందేలుంది చూశావా, దానికి."

మామయ్య ముక్కు ఆనేంత దగ్గరగా కుందేల్ని చూశాడు. "కుందేలు లేకుండా ఎంత?"

"కుందేలు లేకుండా అమ్మరు."

"పోనీ చొక్కా మీరే ఉంచుకోండి. కుందేలొక్కటీ ఎంత?"

మేనల్లుడు పళ్ళు కొరుక్కుంటూ ఓపిగ్గా చెప్పాడు. అసలు కుందేలుకి ముందు చెవి నిటారుగా, వెనక చెవి మడతపడి ఉంటుంది. నకిలీవాళ్ళకి ఆ మడత కుట్టడం చేతకాదు. రెండు చెవులూ నిక్కబొడుచుకుని ఉంటే అది రోడ్డు పక్క సరుకు, మూడొందలకి ఇస్తారు.

"అయితే చెవి మడిచినందుకా మిగతాదంతా!" మామయ్య అప్పటికే కూర్చుని ఉన్నాడు కాబట్టి ఈసారి వెల్లకిలా పడుకున్నాడు.

చొక్కాలు ఎంచుకుంటున్న ఇద్దరు పెద్దింటి ఆడవాళ్ళు నవ్వాపుకోలేక, చేతిలోవి అక్కడే పడేసి వెళ్ళిపోయారు. షోరూం మేనేజరు మేడమ్ కౌంటరు వెనకనుంచి వచ్చింది. ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు లేరు.

"ఎవరాయన?"

"మా... మామయ్యండీ."

"నీ ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, గుర్తుందిగా? ఈ మనిషి ఇంకోసారి ఇక్కడ ఇలా కూర్చుంటే, ఆయన్ని లేపుకుని నువ్వు కూడా ఇంటికెళ్ళిపోవచ్చు."

ఆ సాయంత్రం మేనల్లుడు ఇంచుమించు ఏడ్చాడు. మామయ్య మొహం చిన్నబోయింది. "ఇంక నీ షాపు గుమ్మం తొక్కనురా అల్లుడూ, నీ మీద ఒట్టు" అన్నాడు. పాపం, అన్న మాట ప్రకారం ఆ వీధిలోకే రావడం మానేశాడు.

కానీ ఖర్మ కాలి లిఫ్టు పాడవుతుందని ఎవరనుకుంటారు? ఆ భవనంలో లిఫ్టు సరిగ్గా షోరూం ఎదుట ఉంది. ఒక శనివారం మధ్యాహ్నం అది కదలనని మొరాయించింది. కంపెనీవాళ్ళు ఎవర్ని పంపించారో వేరే చెప్పాలా? మామయ్య పనిముట్ల సంచీ దింపుకుని, షోరూంకి వీపు తిప్పి కూర్చుని, తలొంచుకుని పనిలో పడ్డాడు. ధరలు కంట్లో పడకుండా టోపీ కనుబొమల దాకా లాక్కున్నాడు. బిల్లు కౌంటర్లో ఉన్న మేనల్లుడు మాత్రం నిమిషానికోసారి అటే చూస్తున్నాడు.

అప్పుడొచ్చారు ఆ తండ్రీకూతుళ్ళు. తండ్రి బస్సు డ్రైవరు, డ్యూటీ బట్టల్లోనే వచ్చేశాడు. కూతురు కొత్తగా చేరిన నర్సు. తండ్రి ట్రయల్ రూంలోంచి కుందేలు చొక్కాతో బయటికొచ్చి, అద్దం ముందు అటు తిరిగాడు, ఇటు తిరిగాడు, పొట్ట లోపలికి పీల్చాడు.

"విప్పనమ్మా, వేసుకునే వచ్చేస్తాను. బిల్లు కట్టు" అన్నాడు. అంతటితో ఊరుకున్నాడా! వరసలో నిలబడ్డ ప్రతివాడికీ చెప్పాడు. "మా అమ్మాయి మొదటి జీతమండీ. నాకే కొంటానంది. వద్దంటే వింటేనా!" గుమ్మంలో కాపలా ఉన్నతన్ని కూడా పిలిచి చూపించాడు.

మేనల్లుడు బిల్లు కొట్టి అంకె చెప్పాడు.

ఆ అమ్మాయి సరిగ్గా వినపడనట్టు చూసింది. "కాదండీ, కిటికీలో బొమ్మ దగ్గర పన్నెండు వందలని ఉంది కదా?" అంది గొంతు తగ్గించి.

"అది బొమ్మ నెత్తి మీద టోపీ ధరండీ."

ఆ పిల్ల బ్యాగు జిప్పు తీసింది, మూసింది, మళ్ళీ తీసింది. వెనక తండ్రి ఎవరితోనో "చేత్తో తడిమి చూడండి, గుడ్డ వెన్నలా ఉంది" అంటున్నాడు. వరసలోవాళ్ళు గడియారాలు చూసుకుంటున్నారు. మేడమ్ వచ్చి, "కార్డా అమ్మా, క్యాషా?" అని గట్టిగా అడిగింది. తండ్రి ఇటు తిరిగాడు.

"బాబోయ్!"

షోరూం అద్దాలు అదిరాయి. గ్రీజు చేతులతో, స్పానరుతో సహా మామయ్య లోపలికి దూసుకొచ్చి, డ్రైవరు కాళ్ళ దగ్గర దభీమని కూలబడ్డాడు.

"అయ్యా, డ్రైవరుగారూ! విప్పెయ్యండి ముందు! అది నకిలీ!"

సొంత షోరూంలో, సొంత చొక్కాని, లిఫ్టు మెకానిక్కు నకిలీ అంటాడని మేడమ్ కల్లో కూడా అనుకుని ఉండదు.

"నకిలీయా?" డ్రైవరు తన గుండె మీదికి తనే భయంగా చూసుకున్నాడు.

"ఆ చెవి చూడండి! మడత అంటారా దాన్ని? దోమ కుట్టి వాచినట్టు లేదూ? పదకొండు వేలు పోసి వాపు కొంటారా ఎవరైనా?"

మేనల్లుడికి ఒళ్ళు మండిపోయింది. నా మీద ఒట్టు వేసి, నా కొంపే ముంచేశాడే! ఈయన చేతుల్లో నా బతుకు ఇంతేనా! అని గొంతు దాకా వచ్చింది. అప్పుడు చూశాడు ఆ అమ్మాయిని. జిప్పు మూసేసింది. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, కింద కూర్చుని చెవిని తిడుతున్న ఆ గ్రీజు మనిషినే చూస్తోంది.

మేడమ్‌కి కోపం ముంచుకొచ్చింది. "ఏం చూస్తున్నావు? చెప్పు వాళ్ళకి, అసలుదేనని చెప్పు!"

మేనల్లుడు కౌంటరు దాటి వచ్చి కుందేల్ని పట్టి చూశాడు. ముందు చెవి నిటారుగా, వెనక చెవి ముచ్చటగా మడతపడి ఉంది. అంత అసలైన కుందేలు ఆ షోరూంలో ఇంకోటి లేదు.

"చెవి కొంచెం తేడాగానే ఉందండీ మేడమ్" అన్నాడు. "అనుమానం వచ్చిన సరుకు అమ్మకూడదు కదండీ. తనిఖీకి పక్కన పెడతాను."

డ్రైవరు అక్కడికక్కడే చొక్కా లాగేసి, బనియను మీదే నిలబడి కూతుర్ని ఓదార్చాడు. "పోనీలే తల్లీ, బాధపడకు. నీ కష్టార్జితం గంగపాలు కాకుండా ఈ పెద్దమనిషి కాపాడాడు. పద, పక్కవీధిలో మంచి చొక్కాలున్నాయి. కుందేలూ వద్దు, గుర్రమూ వద్దు." డ్యూటీ చొక్కా మళ్ళీ తొడుక్కుని, వెళ్ళేటప్పుడు మామయ్యకి చెయ్యి కలిపి, అరచేతినిండా గ్రీజుతో సంతోషంగా బయటికి నడిచాడు. మోసపోకుండా తప్పించుకున్నానన్న గర్వం ఆయన నడకలో కనిపిస్తూనే ఉంది. పక్కనే కూతురు ఆయన చెయ్యి పట్టుకుని వెళ్ళింది.

మేడమ్ చొక్కాని దీపం కిందికి పట్టుకెళ్ళి చాలాసేపు చూసింది.

"తేడా ఎక్కడుంది?"

మేనల్లుడు చొక్కా అందుకుని మడత పెట్టడం మొదలెట్టాడు.

"రేపట్నుంచి నీకు కౌంటరు లేదు. గోడౌన్లో చొక్కాలు మడత పెట్టు, నేను రమ్మనేదాకా." ఆవిడ రెండడుగులు వేసి ఆగింది. "ఆ టోపీ ధర చీటీ బొమ్మ మెడలోంచి తీసి టోపీకే తగిలించు. ఆ మాత్రం ఇంగితం ఇక్కడ ఎవరికీ లేకపోయింది. ఇంక మీ మామయ్యని లేచి లిఫ్టు సంగతి చూడమను. మెట్లెక్కలేక చస్తున్నాను."

ఉద్యోగం ఉందో ఊడిందో అర్థం కావడానికి మేనల్లుడికి కాసేపు పట్టింది. ఉంది! బయటికొచ్చేసరికి మామయ్య ఏమీ జరగనట్టు లిఫ్టు తలుపు దగ్గర బోల్టు బిగిస్తున్నాడు.

"నీకెలా తెలిసింది మామయ్యా, ఆ అమ్మాయి దగ్గర అంత లేదని?"

"లిఫ్టు స్టీలు తలుపులో అంతా అద్దంలో చూసినట్టే కనపడిందిరా. కొనలేనివాళ్ళు కేకలు పెట్టరు. నోరు మూసుకుని జిప్పులు లాగుతూ కూర్చుంటారు. వాళ్ళ తరపున ఎవరో ఒకరు అరవాలిగా? నవ్వేవాళ్ళు నన్ను చూసి నవ్వుకుంటారు, వాళ్ళు మెల్లిగా బయటపడతారు. నాకేం పోయింది? నీ మీద ఒట్టు వేశాను కాబట్టి కాస్త ఆలోచించాను. నువ్వు గట్టివాడివిలే, తట్టుకుంటావనిపించింది."

మేనల్లుడు గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. నిన్నటిదాకా ఈయన పక్కన నడవడానికి సిగ్గుపడ్డానే అనిపించింది. ఆ వెంటనే కోపం కూడా వచ్చింది.

"అయితే ఇన్నేళ్ళుగా నువ్వు కూలబడ్డదంతా ఉత్త నాటకమా? మేమంతా నిజమనుకున్నాం!"

మామయ్య స్పానరు కింద పెట్టాడు. జీవితంలో ఇంత అవమానం ఎవరూ చెయ్యలేదన్నట్టు చూశాడు.

"నాటకమేమిట్రా! చొక్కా పదకొండు వేలురా!" అని మేనల్లుడి చెయ్యి లాక్కుని తన గుండె మీద పెట్టుకున్నాడు. "ఇదిగో, చూసుకో అసలుదో నకిలీదో!"

అరచేతి కింద గుండె ఇంకా దడదడా కొట్టుకుంటూనే ఉంది.